పుట్ట మీది గొడుగు, పెంట మీది గొడుగు

శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం నాలుగు రోజులుందనగా, పప్పుల కొట్టు వాళ్ళ కోడలు కుక్కగొడుగులు వెతుక్కుంటూ మాచర్ల దాకా పోయిందని మా బజారులో ఇంకా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి. పోయింది నేను కాబట్టి, అక్కడ ఏం జరిగిందో నేనే చెబుతాను.

మాది నరసరావుపేట. పెళ్ళికి ముందు బాటనీతో డిగ్రీ చేశాను. పీజీకి సీటు వచ్చింది, సంబంధమూ వచ్చింది. ఇంట్లో వాళ్ళు సంబంధాన్నే ఖాయం చేశారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు కందిపప్పుకీ మినప్పప్పుకీ మధ్య కూర్చున్నాను. మూడేళ్ళ కిందట వానాకాలంలో గోడౌను కురిసి, తడిసిన గోనెసంచి మీద తెల్లటి గొడుగులు గుంపుగా లేచాయి. పొద్దున నిటారుగా నిలబడినవి మధ్యాహ్నానికల్లా నల్ల సిరాలా కరిగి కారిపోయాయి. సంచి అవతల పారేయమని మా ఆయన కేకలేస్తుంటే, నేను దాని ముందు గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాను. అప్పటి నుంచి వాన పడితే చాలు, భూతద్దం పట్టుకుని ఊరి చివరి బీళ్ళలో తిరుగుతున్నాను. ఏది ఏ జాతో రాసుకుంటాను. తినడం మాత్రం లేదు. మా ఇంట్లో పుట్టగొడుగు మాంసంతో సమానం.

ఈసారి పడమటి పల్నాడు చూడాలనుకున్నాను. నల్లమల అంచున పెద్ద పుట్టల మీద మొలిచే గొడుగుల గురించి వినడమే గానీ చూడలేదు. సంగతి చెప్పగానే మా అత్తగారు చేటలో బియ్యం ఏరడం ఆపేశారు.

"ఏమే, శ్రావణమాసంలో ఆ మైలంతా ముట్టుకొచ్చి అమ్మవారికి కలశం పెడతావా?"

"నాగులచవితికి పుట్టకి పాలు పోస్తాం గదత్తయ్యా. ఆ పుట్ట మీద మొలిచింది మైలెట్టా అయింది?"

ఆవిడ ముఖం తిప్పుకున్నారు. మా ఆయన, "శుక్రవారానికి ఇంట్లో ఉండు. నోట్లో మాత్రం ఏదీ పెట్టమాక" అన్నారు. ఆ రెంటిలో ఒక్కటి కూడా నేను నిలబెట్టుకోలేదు.

పిడుగురాళ్ల

సోమవారం పిడుగురాళ్లలో బస్సు దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. వాన పడ్డా అక్కడి చెట్ల ఆకులు తెల్లగానే ఉంటాయి. సున్నపు బట్టీల దుమ్ము తడిసి ఆకుకి పూతలా పట్టుకుంటుంది. రాయి లారీలు వరసకట్టిన చోట ఒక టీ కొట్టు. కూర్చోవడానికి బెంచీ బదులు ఎండిపోయిన మొద్దు ఒకటి అడ్డంగా పడేశారు. దాని బెరడు మీద గోరంత గోరంత విసనకర్రల్లాంటివి మొలిచి ఉన్నాయి, బూడిదరంగు నూగుతో. నేను మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టాను.

టీ కాచే ఆమె గరిట పట్టుకునే వచ్చింది. "ఏందక్కా, మొద్దుకి మొక్కతన్నావా?"

అద్దం ఆమె చేతికిచ్చాను. ఆ విసనకర్ర అడుగున సన్నటి రేకులుంటాయి. ఒక్కో రేకూ మధ్యకి చీలి ఉంటుంది. ఎండకి ముడుచుకుపోయి, వానకి మళ్ళీ విచ్చుకుంటుంది. ఆమె ఒక కన్ను మూసి చానాసేపు చూసింది. పుట్టగొడుగు జాతే అని చెప్పగానే చప్పున అద్దం తిరిగి ఇచ్చేసింది.

"అమ్మో, గొడుగులా ఇయ్యి? ఆ మాటెత్తితే ఇక్కడ తంతారక్కా."

వారం కిందటి సంగతట. బట్టీల వెనక ఉండే ఒక లారీ డ్రైవరు ఇంట్లో నలుగురు పుట్టగొడుగుల కూర తిన్నారు. మూడు గంటలు తిరక్కుండా వాంతులు పట్టుకుని, లేవలేని స్థితిలో ఆసుపత్రికి చేరారు. రెండు రోజులు సెలైన్లు ఎక్కిస్తే బతికి బయటపడ్డారు.

"యాడివా గొడుగులు?" అని అడిగాను.

"మాచర్ల బజార్లో కొన్నారంట. వెల్దుర్తి నుంచి తిరపతమ్మని ఒకామె తెచ్చి అమ్ముద్దంట. జనం పోయి ఆమె గంప తొక్కేశారంట. మళ్ళీ కనపడితే కాళ్ళిరగ్గొడతామన్నారంట."

"వాళ్ళు తిన్నవి ఏ గొడుగులో ఎవరన్నా చూశారా?"

"తిన్నాక ఇంకేం చూస్తారక్కా?"

టీ పది రూపాయలు. మొద్దు మీది విసనకర్ర ఒకటి కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. బస్సెక్కాక కూడా ఆ మాట వదల్లేదు. ఎవరూ చూడలేదు. చూడకుండానే తీర్పు చెప్పేశారు. అడవి చూద్దామని బయలుదేరినదాన్ని, ముందు ఆ తిరపతమ్మని చూడాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

గురజాల

గురజాలలో మా ఆడపడుచు ఇల్లు ఉంది. కాళ్ళు కడుక్కుని లోపలికి పోబోతుంటే సంచి వంక చూసింది.

"వదినా, అందులో ఏముంది?"

చెప్పాను.

"దేవుడి గూడున్న ఇల్లు. ఆ సంచి బయట అరుగు మీద పెట్టు."

"అట్టాగయితే నా పక్క కూడా అరుగు మీదే వెయ్యి."

వేసింది. దోమలకి నా కాళ్ళూ చేతులూ దద్దుర్లు తేలాయి. పొద్దున్నే ఎదురింటామె ముగ్గు వేస్తూ, "ఏందమ్మా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగింది. ఆడపడుచు ముఖం కందగడ్డ అయింది. అయినా నేను బయల్దేరేటప్పుడు పెరుగన్నం, మాగాయ కట్టి చేతిలో పెట్టింది. మా వాళ్ళకి కోపం వస్తే అరుగు మీద పడుకోబెడతారు గానీ, ఆకలితో పంపరు.

మాచర్ల

మా పేటలో జొన్నరొట్టె అంటే షుగరు ఉన్నవాళ్ళ తిండి. మాచర్ల బజారులో అది అందరి టిఫిను. బండి మీద వేడివేడిగా కాల్చి ఇస్తారు. రొట్టె పదిహేను రూపాయలు, పచ్చిమిరప పచ్చడి ఎంత వేసుకుంటే అంత. కొట్టులో గుంటూరు మిరపకాయలు అమ్మేదాన్ని కదా అని ధీమాగా పెద్ద ముద్ద కలుపుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే రొట్టెలు కాల్చే ఆమె మజ్జిగ గ్లాసు ముందు పెట్టి, "కొత్తగా వచ్చారా?" అంది. తిరపతమ్మ ఎక్కడ కూర్చునేదని అడిగితే గడ్డంతో చూపించింది. అరటిపండ్ల కొట్టు పక్కన ఒక మనిషి కూర్చునేంత ఖాళీ జాగా.

ఆ కొట్టు సాంబయ్యది. యాభై ఏళ్ళుంటాయి.

"తిరపతమ్మా? ఇంక రాదు. నేనే పంపించా" అన్నాడు గర్వంగా. "ఇరవై ఏళ్ళు నా కొట్టు పక్కనే కూర్చుంది. జనం చస్తే ఆ పేరు నాక్కూడా వస్తది గదా?"

"ఈ ఇరవై ఏళ్ళలో ఎంతమంది చచ్చారు?"

"ఎవరూ చావలా."

"ఎంతమందికి వాంతులయ్యాయి?"

"ఇదే మొదలు." అంటూనే అతనికి చిరాకు వచ్చింది. "అసలు మీరెవరండీ నన్ను అడగటానికి?"

"మాకూ నరసరావుపేటలో కొట్టుంది. మా కందిపప్పు తిని ఎవరికన్నా కడుపునొప్పి వస్తే, పప్పుతోపాటు ఇంకేం తిన్నారని అడుగుతారు. మా కొట్టు మీద పడి తొక్కరు. ఆమెకి కొట్టు లేదు కాబట్టి ఆమెని తొక్కారు."

అతను అరటి గెల అటునుంచి ఇటు తిప్పి పెట్టాడు. నేను వెల్దుర్తి బస్సు ఎక్కాను.

వెల్దుర్తి

కంది చేలు, మిరప మడులు, ఆపైన రాళ్ళ బీళ్ళు, వాటి వెనక నీలంగా కొండలు. తిరపతమ్మ ఇల్లు ఊరి చివర. ఆమె వాకిట్లో చీపురు పుల్లలు కట్ట కడుతోంది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. నన్ను చూసి లేవలేదు.

"తిట్టటానికొచ్చావా? తిట్టి పో."

"నేర్చుకోటానికొచ్చా పెద్దమ్మా."

ఆమె నన్ను చెప్పుల నుంచి తల దాకా చూసింది. "షావుకార్ల ఇంటి మనిషివి. నీకెందుకు గొడుగులు?"

గోనెసంచి సంగతి చెప్పాను. డిగ్రీ సంగతి, ఆగిపోయిన చదువు సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు; బస్సులో పక్కసీటామెకి కూడా చెప్పని విషయం. ఆమె పుల్లలు పక్కన పెట్టి, "పొద్దున్నే లేస్తావా?" అంది.

బుధవారం తెల్లవారుతూనే బయల్దేరాం. ముందురోజు సాయంత్రం బాగా ఉరిమింది. ఉరిమితే గొడుగులు లేస్తాయని ఆమె నమ్మకం. వాన తేమకి లేస్తాయని నా చదువు. ఆ విషయంలో మేమిద్దరం ఒకరినొకరు ఒప్పించలేదు. బీడు దాటి తుమ్మ చెట్లలోకి పోగానే ఆమె ఆగింది. మోకాలెత్తు చెదపుట్ట. దాని చుట్టూ లేతబూడిద రంగు గొడుగులు పదిహేను దాకా, ఒక్కోదాని నెత్తిన బొడిపెలా మొన.

నేను చెయ్యి చాపాను. "పీకమాక!" అంది. నడుముకి దోపుకున్న చిన్న ఇనప ఊచ తీసి ఒక గొడుగు పక్కన మెల్లగా తవ్వింది. కాడ భూమిలోకి దిగుతూనే ఉంది, సన్నబడుతూ, వేరులాగా, నా మోచేతంత పొడవు. అడుగున చెదలు కట్టుకున్న మెత్తటి గూడుని తాకి ఆగింది.

"ముందు పుట్టని చూడు, తర్వాత గొడుగుని చూడు. వేరు పుట్టలోకి దిగాల. దిగకపోతే అది నాది కాదు." మట్టి మళ్ళీ కప్పి అరచేత్తో అదిమింది. "పుట్ట పగలగొట్టకపోతే వచ్చే ఏడు గూడా ఇక్కడే లేస్తయ్యి."

నేను బొమ్మ గీసుకున్నాను, వాసన చూశాను, కొలతలు రాసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు, పశువులు మాపటేళ పడుకునే చోట, పచ్చగడ్డిలో కంచాలంతేసి తెల్లటి గొడుగులు వలయంగా నిలబడి ఉన్నాయి. పల్నాడులో ఇంత అందమైనవి నేను చూడలేదు. పరుగెత్తాను. బురదలో కాలు జారి, చెప్పు తెగి, పేడలో కూర్చున్నాను. అయినా ఒకదాన్ని కోసి పైకెత్తాను.

"పెద్దమ్మా, ఇది చూడు! ఇది గూడా తినేదే అనుకుంటా."

ఆమె వచ్చి నా చేతి మీద ఒక్కటిచ్చింది. గొడుగు కింద పడింది.

"పెంట గొడుగది! మెడకి కడియం చూడు. వేరేది? లేదు. పుట్టేది? లేదు."

"రేకులు తెల్లగానే ఉన్నాయిగా?"

"పడుచుదది. ముసల్దాన్ని చూడు." పక్కనున్న పెద్దదాన్ని కాలితో తిరగేసింది. కింది రేకులు పాచి పట్టినట్టు పచ్చబడి ఉన్నాయి.

నా డిగ్రీ, నా భూతద్దం, నా మూడేళ్ళ నోటుబుక్కు ఆ పేడలో నాతోపాటు కూర్చున్నాయి. అడుగుదామనుకున్నవన్నీ అప్పుడే అడిగేశాను. చీమలు తిన్న గొడుగు మంచిదంటారు, నిజమేనా?

"చీమ కడుపూ నా కడుపూ ఒకటేనా?"

కూరలో వెండి గాజు వేస్తే, విషమైతే నల్లబడుతుందట?

"వెండుంటే గొడుగులెందుకు అమ్ముకుంటా?"

ఇంటికొచ్చి ఆమె పుట్టగొడుగులు కడిగి, చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మట్టి దాకలో వండింది. జొన్న సంగటి, ఆ కూర. నా ముందు కంచం పెట్టలేదు. "మీరు తినరు గదా, నీకు చారు పెడతాలే" అంది. నేను కంచం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మొదటి ముద్ద మింగేటప్పుడు మా అత్తగారు, మా ఆయన, మా కొట్టు ముందు నిలబడే నలుగురు పెద్దమనుషులు వరసగా గుర్తొచ్చారు. రెండో ముద్దకి ఎవరూ గుర్తు రాలేదు. తేగ రుచికి, కొబ్బరి రుచికి మధ్యలో ఎక్కడో ఉంది. మళ్ళీ వడ్డించుకున్నాను.

తినకముందే ఇంకో పని చేసి పెట్టాను. గొడుగు కింది రేకుల నుంచి కంటికి కనపడని సన్నటి పొడి రాలుతుంది. మొక్కకి గింజలెలాగో గొడుగుకి ఆ పొడి అలాగ. పుట్టగొడుగు తల ఒకటి, దారిలో సంచిలో వేసుకొచ్చిన ముదిరిన పెంటగొడుగు తల ఒకటి కోసి, విడివిడిగా తెల్లకాగితాల మీద బోర్లించి, గిన్నెలు మూత పెట్టాను. సాయంత్రం దీపం వేళకి తీశాం. పుట్టగొడుగు కింద లేత గులాబీ ఛాయలో గీతలు, బండి చక్రం ఆకుల్లా. పెంటగొడుగు కింద పచ్చటి చక్రం.

తిరపతమ్మ వేలితో తాకి చూసుకుంది. "నలభై ఏళ్ళ నుంచి అది పాడుదని తెలుసు. పచ్చటి పొడి రాల్చుద్దని ఇయ్యాలే చూశా." కాగితం నా వైపు తోసి అంది, "నాకు చూపిచ్చి ఏం లాభం? నన్ను తొక్కినోళ్ళకి చూపియ్."

చదివేవాళ్ళకి ఒక మాట. ఈ ముద్ర ఒక్కదాన్ని నమ్మి ఎవరూ ఏదీ తినకండి. పచ్చ రాలితే వద్దని చెబుతుంది గానీ, పచ్చ రాలకపోతే తినమని చెప్పదు. తెల్ల పొడి రాల్చి ప్రాణం తీసేవీ ఉన్నాయి. తిరపతమ్మలాంటి మనిషి పక్కన లేకపోతే చూసి, బొమ్మ గీసుకుని వచ్చేయండి.

మళ్ళీ పిడుగురాళ్ల

గురువారం పొద్దున తిరపతమ్మతో, "రేపు మాచర్లలో కూర్చో. నేనూ వస్తా" అని చెప్పి పిడుగురాళ్ల వెళ్ళాను. టీ కొట్టామె ఆ లారీ డ్రైవరు ఇంటికి దారి చెప్పింది. బట్టీల వెనక రేకుల ఇల్లు. పక్కన గేదెల పాక, దాని వెనక పెంటకుప్ప. పెంటకుప్ప అంచున నాలుగు తెల్లటి గొడుగులు. వాటిని చూశాక తలుపు కొట్టడానికి నా చెయ్యి రాలేదు. తలుపు తనే తెరుచుకుంది.

తీసింది డ్రైవరు భార్య, పేరు నాగమణి అంది, ముప్పై ఏళ్ళుంటాయి. సెలైను సూది గుచ్చిన చోట కమిలి ఉంది. నేను కాగితాలు రెండూ మంచం మీద పరిచి, ఏ పొడి ఏ గొడుగుదో చెప్పాను. ఆమె కాగితం చూడలేదు, పాక వైపు చూసింది.

"ఎన్ని కొన్నావు నాగమణీ?"

"ఒక్క పోగు. ఇంట్లో నలుగురం గదక్కా. మా మరిది లోడు దించి ఆకలిమీద వచ్చాడు. చాలవని..." గొంతు తగ్గించింది. "పెంట మీదియ్యి గూడా కోసి కలిపా. అట్టానే తెల్లగా ఉండాయి గదా అనుకున్నా."

"ఈ మాట ఎవరికన్నా చెప్పావా?"

"చెప్తే మా అత్త నన్ను బతకనిస్తదా? కొడుకుల్ని చంపబోయాననదూ?" కళ్ళు తుడుచుకుంది. "ఆ ముసలామె గంప తొక్కారని తెలిసింది. అన్నం దిగటంలా అక్కా."

నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. అత్తగారి ముందు నోరెత్తడం ఎంత కష్టమో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. "నీ మాట నేను ఎత్తుకుపోయి బజార్లో పెట్టను. చెప్పాల్సింది నువ్వు. రేపు పొద్దున తిరపతమ్మ మాచర్లలో కూర్చుంటుంది. నేనూ ఆమె పక్కన కూర్చుంటా" అన్నాను. ఆ నాలుగు గొడుగులూ ఇద్దరం కలిసి పీకి, గుంట తీసి పాతిపెట్టాం.

సాయంత్రం గురజాలలో ఉండగా అత్తగారి ఫోను. "రేపు వ్రతం. యాడున్నావు?"

"రేపు రాలేనత్తయ్యా. అమ్మవారికి వచ్చే శుక్రవారం కూడా ఉంది. ఇక్కడ ఒకామెకి రేపొక్కటే ఉంది."

అటు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ రాత్రి ఆడపడుచు నా పక్క అరుగు మీద వేయలేదు. సంచితో సహా లోపలికి రమ్మంది.

మాచర్ల, శుక్రవారం

తిరపతమ్మ నాకంటే ముందే వచ్చింది. గంప పోయింది కదా, పాత చీర పరిచి గొడుగులు పోగులు పెట్టింది. పోగు నూటయాభై. నేను పక్కన గోనె వేసుకుని కూర్చుని రెండు కాగితాలూ ముందు పెట్టుకున్నాను. గంట గడిచింది. జనం ఆగుతున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. సాంబయ్య కొట్టు దిగి వచ్చాడు.

"చెప్పినా సిగ్గు లేదా నీకు?"

"బజారు నీ అబ్బదా?" అంది తిరపతమ్మ, తల ఎత్తకుండా.

నేను కాగితాలు చూపించాను. అతను నవ్వాడు. "రంగు పూసుకొచ్చి నాటకాలాడతన్నారా?" చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నా దగ్గర ఇంకో మాట ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పనని మాటిచ్చాను కాబట్టి మింగేశాను. ఆ కూర తిన్నప్పటికంటే అది మింగడమే కష్టమైంది.

పదకొండు గంటలప్పుడు జనంలో నుంచి నాగమణి వచ్చింది. ఒక్కతే వచ్చింది. చేతి మీద కమిలిన మచ్చ అలాగే ఉంది. సాంబయ్య ఎదురుగా నిలబడింది.

"ఆసుపత్రిలో పడ్డది మేమే. ఈమె ఇచ్చిన పోగులో ఏం లేదు. నేను మా పెంట మీదియ్యి కోసి కలిపా. తప్పు నాది." జనం వైపు తిరిగింది. "రాత్రే మా ఇంట్లో చెప్పా. తిట్టారు. తిట్టనియ్యి. ఇప్పుడు అందరికీ చెప్తన్నా."

నాగమణి తిరపతమ్మ ముందు కూర్చుని పైట చెంగు ముడి విప్పింది. "ఒక పోగు కట్టు పెద్దమ్మా. నా కడుపు ఇంకా ఒప్పుకోదు. మా ఆయనకి వండుతా. వేరు చూపిచ్చి ఇయ్యి."

తిరపతమ్మ ఆమెని ఒక్క మాట అనలేదు. దయ చూపిస్తున్నట్టూ మాట్లాడలేదు. ఒక్కో కాడ ఎత్తి, వేరు ఎక్కడిదాకా దిగిందో చూపించి, మోదుగాకులో కట్టింది. డబ్బులు తీసుకుంది. ఆ తర్వాత రొట్టెల బండి ఆమె వచ్చి ఒక పోగు కొంది. ఇద్దరు ఆటోవాళ్ళు వేరు చూపించమని అడిగి మరీ కొన్నారు.

సాంబయ్య దగ్గరికి వచ్చి జేబులో చెయ్యి పెట్టాడు.

"సరేలే, అయిపోయిందేదో అయిపోయింది. నాక్కూడా ఒకటి కట్టు."

"నీకు లేవు."

"ఇన్ని కనపడతన్నాయి గదా?"

"కనపడతయ్యి. నీకు లేవు."

అతను కొట్టెక్కాడు. ఇరవై రెండేళ్ళుగా నేను గల్లా వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకి అమ్మినదాన్నే గానీ, వీధిలో నిలబడి ఎవర్నీ పిలిచింది లేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గొంతెత్తరు. ఆ శుక్రవారం, మా ఇంట్లో కలశం పెట్టే వేళకి, మాచర్ల బజారు మధ్య లేచి నిలబడి, వెళ్ళేవాళ్ళందరికీ వినపడేలా అరిచాను.

"వెల్దుర్తి పుట్టగొడుగులండీ! వేరు చూసి కొనుక్కోండి!"